అభిప్రాయం: ప్రింటర్ సిపాయిని ఇస్తుంది, మన పైకును ఇవ్వదు

ఈ కాలమ్‌లో మామూలుగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్‌బ్యాంకుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఐటెమ్ కాస్త వేరు. ఎత్తు 28 మిల్లీమీటర్లు. బ్యాటరీ లేదు, అప్‌డేట్లు రావు. చేతిలో నాటు తుపాకీ, నడుముకి కత్తి, తలకి గుడ్డ. హిస్టారికల్ వార్‌గేమింగ్ కోసం రంగులు వేసే బొమ్మ సైనికుడు.

గ్యాడ్జెట్ సైట్‌లో బొమ్మల గోలేంటి అని అడగొచ్చు. నిజానికి ఈ హాబీ ఇప్పుడు పూర్తిగా గ్యాడ్జెట్ల చేతిలోకి వచ్చేసింది. బొమ్మ రెజిన్ ప్రింటర్‌లో పుడుతుంది, ఎల్‌ఈడీ ల్యాంప్ కింద రంగు పూసుకుంటుంది, ఫోన్ మ్యాక్రో కెమెరాలో ఫొటో దిగుతుంది. రంగు ఎలా ఉండాలో తెలియకపోతే జనం ఏఐని అడుగుతున్నారు. నేను ఉండేది పలాసలో. ఈ నాలుగింటినీ వాడుతూ మన జిల్లా సైనికులకు రంగులేస్తున్నాను. వాడాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఒక్కటే: మొదటి మూడూ కొనండి, నాలుగోదాన్ని మాత్రం మన చరిత్ర విషయంలో నమ్మొద్దు. ఎందుకో చెప్తాను.

అసలు ఈ ఆటేంటి?

వార్‌గేమ్ అంటే టేబుల్ మీద ఆడే యుద్ధం. కంప్యూటర్ గేమ్ కాదు. కొలత టేపుతో దూరం కొలుస్తారు, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో చూస్తారు, రూల్‌బుక్ ప్రకారం దళాలు ముందుకో వెనక్కో జరుగుతాయి. 19వ శతాబ్దం మొదట్లో ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణకి ఇలాంటి ఆట వాడారు. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాసి దాన్ని ఇంటి హాల్లోకి తెచ్చాడు. అవును, టైమ్ మెషీన్ నవల రాసిన వెల్సే.

మనకి ఇది మరీ కొత్తేం కాదు. పులి-మేక ఆట గుర్తు తెచ్చుకోండి. ఒకవైపు కొన్ని పులులు, ఇంకోవైపు బోలెడు మేకలు. రెండు పక్షాల బలం వేరు, గెలిచే దారి వేరు. పులి చంపి గెలవాలి, మేక దారి మూసి గెలవాలి. అరుగు మీద సుద్దముక్కతో గీసి ఆడిన ఆ ఆటలో ఉన్న సూత్రమే, పెద్ద సైన్యానికీ స్థానిక దళానికీ మధ్య జరిగే ఏ వార్‌గేమ్‌లో అయినా ఉంటుంది.

బొమ్మలకి 28 మిల్లీమీటర్లే ఎందుకంటే, అది సుమారు 1:60 స్కేల్. ముఖం గుర్తుపట్టేంత పెద్దగా, వంద బొమ్మలు ఒక టేబుల్ మీద పట్టేంత చిన్నగా ఉంటుంది.

మా దగ్గర యుద్ధాలు జరిగాయా?

జరిగాయి. బొబ్బిలి యుద్ధం 1757 అని అందరికీ తెలుసు, సినిమా కూడా వచ్చింది. 1794లో విజయనగరం విజయరామరాజు కంపెనీ సైన్యంతో తలపడిన పద్మనాభం కూడా చాలామందికి తెలుసు. ఇంకొంచెం ఉత్తరానికి వస్తే కథ మసకబారుతుంది.

1766 నాటికి ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. కాగితం మీద వచ్చాయి గానీ ఊళ్లలో అంత తేలిగ్గా రాలేదు. పర్లాకిమిడి జమీందారు నారాయణదేవ్ ఎదురుతిరిగితే, 1768లో కల్నల్ పీచ్ నాయకత్వంలోని కంపెనీ సేన అతన్ని జలుమూరు దగ్గర ఓడించింది. జలుమూరు అంటే మన శ్రీముఖలింగం గుడి ఉన్న మండలమే. టెక్కలి నుంచి బండి మీద పోయి రాగలిగే దూరం.

అక్కడితో అయిపోలేదు. కిమిడి కొండల్లో గొడవలు దశాబ్దాల పాటు రేగుతూనే ఉన్నాయి. 1832లో మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనర్‌గా పంపింది. మార్షల్ లా పెట్టి, సైన్యాన్ని కొండల్లోకి నడిపించి, 1834కి గానీ దాన్ని అణచలేకపోయారు. కొండ జ్వరం కంపెనీ దళాలను బాగా దెబ్బతీసింది. మీరు ఈ యుద్ధం ఆడాలనుకుంటే రూల్‌బుక్‌లో జ్వరానికి ఒక పాచిక తప్పకుండా పెట్టుకోండి.

కంపెనీకి ఎదురు నిలిచింది ఎవరు? బిస్సోయీలు అనే కొండ నాయకులు, వాళ్ల వెంట ఉండే పైకులు. పైకు అంటే జీతం తీసుకునే పూర్తికాలపు సైనికుడు కాదు. భూమి సాగు చేసుకుంటూ, దానికి బదులుగా కనుమ దారి కాపలా కాస్తూ, పిలుపు వస్తే ఆయుధం పట్టుకుని వచ్చే మనిషి. ఇంగ్లీషులో మిలీషియా అంటారే, మన ప్రాంతంలో దానికి దగ్గరగా ఉన్నది ఇదే.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు పోయింది, టెక్కలి వైపు ఊళ్లు ఇటు ఉండిపోయాయి. సరిహద్దు గీతతో పాటు కథ కూడా రెండు ముక్కలైంది. అటువాళ్లు 1817 ఖుర్దా పైకుల తిరుగుబాటును పెద్దగా గుర్తు చేసుకుంటారు. ఇటువాళ్లకి కిమిడి పైకులు ఉన్నారన్న సంగతే ఎక్కువమందికి తెలియదు. మందస నుంచి పొద్దున్నే చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది. ఆ కొండల వరసలోనే ఇదంతా జరిగింది.

ఎర్రకోటు ఈజీ, పైకు కష్టం

ఇప్పుడు రంగుల సంగతి. రెండు పక్షాల్లో కంపెనీ సిపాయికి రంగేయడం చాలా సులువు. మద్రాసు సైన్యం యూనిఫాం వివరాలన్నీ రికార్డుల్లో ఉన్నాయి. ఎర్ర కోటు, ఏ రెజిమెంటుకి కాలర్, కఫ్ ఏ రంగు, బెల్టులు ఎలా కట్టుకునేవారు అనేదాకా దొరుకుతుంది. అప్పటి చిత్రకారులు వేసిన బొమ్మలు మ్యూజియాల్లో ఉన్నాయి. మైసూరు, మరాఠా యుద్ధాల కోసం బ్రిటన్ కంపెనీలు ఈ సిపాయిలను 28 ఎంఎం సైజులో ఏళ్లుగా అమ్ముతున్నాయి. ప్రింట్ చేసుకునే ఫైళ్లు కూడా ఉన్నాయి. ఆ ఎర్రకోటు లోపల ఉన్న మనుషుల్లో తెలుగువాళ్లు కూడా బోలెడుమంది. సర్కారు జిల్లాల నుంచి మద్రాసు సైన్యంలో చేరినవాళ్లు తక్కువేం కాదు.

పైకుకి వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. యూనిఫాం లేదు. క్లాత్ ఏ రంగో రాసిపెట్టిన స్టోర్ కీపర్ లేడు. రికార్డు రాసింది ఎదుటి పక్షం. వాళ్లకి పైకు ఎన్ని తుపాకులతో వచ్చాడన్నదే కావాలి గానీ, తలగుడ్డ ఎలా చుట్టుకున్నాడన్నది అక్కర్లేదు. నిఘంటువులో మిలీషియా అన్న మాటకి అర్థమే యూనిఫాం లేని సైన్యం అన్నట్టు తయారైంది.

అందుకే మార్కెట్‌లో సిపాయి దొరుకుతాడు, పైకు దొరకడు. రికార్డు ఉన్నవాడికి ఫైల్ ఉంటుంది. ఫైల్ ఉన్నవాడికి బొమ్మ ఉంటుంది. బొమ్మ ఉన్నవాడే టేబుల్ మీద హీరో అవుతాడు. 190 ఏళ్ల కిందట కాగితం మీద జరిగిన అన్యాయం ఇప్పుడు 3డీ ప్రింటర్‌లో రిపీట్ అవుతోంది.

ఏఐని అడిగితే ఏమొచ్చింది

ఖాళీని నింపడానికి నేను కూడా ఏఐ ఇమేజ్ టూల్స్‌ని అడిగి చూశాను. ఒకటి కాదు, మూడు. 1832, కిమిడి కొండలు, పైకు, మ్యాచ్‌లాక్ తుపాకీ అని వివరంగా చెప్పాను. టూల్స్ పేర్లు రాయడం లేదు, ఎందుకంటే మూడూ ఒకే బాపతు. రిజల్ట్స్ ఇవి:

మొదటిది రాజస్థాన్ తలపాగా, పైకి తిప్పిన మీసాలతో ఒక రాజపుత్రుడిని ఇచ్చింది. రెండోది ఇవాళ ఒడిశాలో పైకా అఖాడా ప్రదర్శన చేసే కళాకారుల డ్రెస్ లాంటిది వేసింది, నడుముకి మెరిసే మెజెంటా పట్టీతో సహా. మూడోది ఖాకీ వేసేసింది.

వీటిలో తప్పు పట్టడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కృత్రిమ రంగుల కథ 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ ప్రయోగశాలలో మొదలైంది. 1832లో మెరిసే మెజెంటా అద్దకం ఈ భూమి మీద లేదు. ఖాకీ యూనిఫాం 1840ల్లో వాయవ్య సరిహద్దులో మొదలైంది. ఆ టూల్‌కి ‘పాత ఇండియా సోల్జర్’ అంటే ఒకటే గుంపు. రాజస్థాన్, ఖుర్దా, పెషావర్, కిమిడి అన్నీ దానికి ఒక్కటే.

ఇందులో ఏఐకి పగ ఏమీ లేదు. ఇంటర్నెట్‌లో ఉన్నదే అది తిరిగి ఇస్తుంది. కిమిడి పైకు బొమ్మ ఇంటర్నెట్‌లో లేదు. లేనిదాన్ని లేదని చెప్పకుండా పక్కవాడి బట్టలు తొడిగించడమే నాకు అభ్యంతరం. పిక్చర్ చూడ్డానికి షార్ప్‌గా ఉంటుంది, లైటింగ్ అదిరిపోతుంది. అదే డేంజర్. మసగ్గా ఉంటే అనుమానిస్తాం, 4కే క్లారిటీలో ఉంటే నమ్మేస్తాం.

మరి ఏ రంగు వేయాలి?

నేను పాటిస్తున్న పద్ధతి చెప్తాను. ప్రతి దళానికీ ఒక చిన్న కార్డు రాస్తాను. అందులో మూడు గీతలు: తెలిసింది, లెక్కగట్టింది, నా ఇష్టం.

తెలిసింది అంటే పాత పుస్తకాల్లో ఆధారం ఉన్నది. మ్యాచ్‌లాక్ తుపాకులు, కత్తులు, విల్లంబులు. 1882లో వచ్చిన మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్ లాంటివి చదవడానికి విసుగే గానీ పనికొస్తాయి. వెతికేటప్పుడు ఒక టిప్: ఇప్పటి స్పెల్లింగ్‌తో వెతికితే ఏమీ రాదు. కంపెనీ వాళ్లు రాసుకున్న ‘పుర్లా కిమెడీ’, ‘గంజామ్’, ‘చికాకోల్’ లాంటి పాత పేర్లతో వెతకండి. శ్రీకాకుళాన్ని వాళ్లు చికాకోల్ అనేవారు.

లెక్కగట్టింది అంటే నేరుగా రాసి లేకపోయినా అప్పటి సరుకుని బట్టి చెప్పగలిగింది. మనది నూలు నేసే ప్రాంతం, పొందూరు పక్కనే ఉంది. సాదా మనిషి ఒంటి మీద చలవ చేయని నూలు గుడ్డ ఉండి ఉంటుంది అనుకోవడం న్యాయమే. కాబట్టి తెల్లటి తెలుపు వేయను. తెలుపులో కాస్త ఓకర్, చిటికెడు బ్రౌన్ కలిపి పచ్చి నూలు రంగు తెస్తాను. రంగు గుడ్డ కావాలంటే నీలిమందు నీలం, చిరివేరు ఎరుపు. రెండూ మన తీరంలో అప్పటికే ఉన్న అద్దకాలు. రెండూ కాస్త వెలిసినట్టుంటేనే బాగుంటాయి.

నా ఇష్టం అంటే పూర్తిగా నా ఊహ. ఒక నాయకుడికి ఎర్ర తలగుడ్డ పెట్టాను, టేబుల్ మీద దూరం నుంచి కనిపించాలి కాబట్టి. దానికి వేరే కారణం లేదు. కార్డులో అలాగే రాశాను.

ఒంటి రంగు గురించి ఒక మాట. బయటి నుంచి వచ్చే పెయింట్ సెట్లలో ‘ఫ్లెష్’ అని రాసి ఉన్న సీసా లేత గులాబీ రంగు. అది మన మనిషి కాదు. బర్న్ట్ సియెన్నాలో ఓకర్ కలిపి, నీడకి అంబర్ వేయండి. ఒకే దళంలో పదిమందికీ ఒకే ఛాయ వేయకండి. కాశీబుగ్గ బస్టాండ్‌లో పది నిమిషాలు నిలబడితే ఎన్ని ఛాయలు కలుపుకోవాలో మీకే అర్థమవుతుంది.

మ్యాచ్‌లాక్ పట్టుకున్న బొమ్మకి ఒక చిన్న డీటెయిల్: ఆ తుపాకీకి నెమ్మదిగా కాలే వత్తి ఉండాలి. వత్తి చివర నారింజ చుక్క, దాని మీద బూడిద రంగు. అర మిల్లీమీటర్ పని. అది లేకపోతే ఆ తుపాకీ పేలదు.

సెటప్: ఏది కొనాలి, ఏది వద్దు

ల్యాంప్: మొదటి ఖర్చు ఇక్కడే పెట్టండి. మామూలు ఎల్‌ఈడీ బల్బుల సీఆర్‌ఐ 80 దగ్గర ఉంటుంది. దాని కింద ఎరుపు, బ్రౌన్ రంగులు చచ్చిపోయినట్టు కనిపిస్తాయి. సీఆర్‌ఐ 90 పైన, 5000 కెల్విన్ దగ్గర ఉన్నది తీసుకోండి. పచ్చి నూలుకీ పాత పసుపుకీ తేడా అప్పుడే తెలుస్తుంది.

ఫోన్: దీనికోసం కొత్త ఫోన్ అక్కర్లేదు. వెనక 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా ఉంటే దాన్ని మర్చిపోండి, అది స్పెక్ షీట్ నింపడానికి పెట్టింది. ఆటోఫోకస్ ఉన్న అల్ట్రావైడ్ అయితే మ్యాక్రో బాగా వస్తుంది. లేకపోతే మెయిన్ కెమెరాలో 2ఎక్స్ పెట్టి ఒక అడుగు దూరం నుంచి తీయండి. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 100, వైట్ బ్యాలెన్స్ ల్యాంప్‌కి తగ్గట్టు 5000 దగ్గర లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే ఫొటోలో నల్లచారలు రావు. మూడు సెకన్ల టైమర్ వాడితే చెయ్యి వణుకు పడదు.

ముఖ్యమైనది: ఏఐ సీన్ ఎన్‌హాన్సర్, బ్యూటీ మోడ్ రెండూ ఆఫ్ చేయండి. ఫోన్ మీ పైకు ముఖాన్ని గుర్తుపట్టి తెల్లగా, నున్నగా చేసేస్తుంది. మీరు గంటసేపు కలిపిన ఛాయని అది క్షణంలో కడిగేస్తుంది. డిస్‌ప్లేని కూడా వివిడ్ నుంచి నేచురల్‌కి మార్చి చూడండి. వివిడ్‌లో చిరివేరు ఎరుపు కూడా నియాన్‌లా వెలుగుతుంది.

రంగులు: ఫెవిక్రిల్, క్యామెల్ అక్రిలిక్స్ పలాస స్టేషనరీ షాపుల్లోనే దొరుకుతాయి. మినియేచర్ పెయింట్స్ అంత మెత్తగా ఉండవు, నిజమే. నీళ్లతో పల్చన చేసి రెండు కోట్లు వేస్తే పని అయిపోతుంది. సున్నా సైజు బ్రష్ ఒకటి, త్రిబుల్ జీరో ఒకటి చాలు. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. స్ప్రే ప్రైమర్ వేస్తే బూజు పట్టినట్టు తెల్లగా తేలుతుంది. ఎండ వచ్చాక, గాలి పొడిగా ఉన్న రోజు చూసి వేయండి, లేదా ప్రైమర్ బ్రష్‌తోనే పూయండి.

బేస్: దీనికి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. ఫెవికాల్ పూసి బారువ ఒడ్డు ఇసుక జల్లండి. కొండరాయి కావాలంటే టెక్కలి గ్రానైట్ యార్డుల దగ్గర పడి ఉండే పొడి, చిప్స్ ఉన్నాయి. ఆ నీలి గ్రానైట్ దేశాలు దాటి వెళ్తుంది, మన బొమ్మ కాళ్ల కిందికి రావడానికి ఇబ్బందేముంది?

ప్రింటర్: 28 ఎంఎం మనిషి ముఖం రావాలంటే రెజిన్ ప్రింటరే కావాలి. ఫిలమెంట్ ప్రింటర్‌లో మామూలు 0.4 నాజిల్‌తో ముఖం మీద గీతలు కనిపిస్తాయి. కానీ కొనే ముందు రెండు విషయాలు ఆలోచించండి. ఒకటి, కరెంటు. నాలుగు గంటల ప్రింట్ మధ్యలో పవర్ పోతే చాలా మోడళ్లలో ఆ ప్రింట్ అంతే సంగతి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తర్వాత ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. మామూలు రోజుల్లో కూడా ఇన్వర్టర్ లేకుండా రెజిన్ ప్రింటర్ పెట్టుకోకండి.

రెండు, రెజిన్. జీడిపిక్క రసం చేతికి తగిలితే ఏమవుతుందో పలాసవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గట్టిపడని రెజిన్‌ని కూడా అంతే జాగ్రత్తగా చూడండి. నైట్రైల్ గ్లోవ్స్ లేకుండా ముట్టొద్దు, కిటికీలు మూసిన గదిలో నడపొద్దు. కడిగిన ఆల్కహాల్‌ని కాలువలోనో బావి పక్కనో పారబోయొద్దు. గాజు సీసాలో ఎండకి పెడితే కరిగిన రెజిన్ గట్టిపడి అడుగుకి చేరుతుంది, వడకట్టి ఆల్కహాల్ మళ్లీ వాడుకోవచ్చు. కిడ్నీ జబ్బుతో ఎన్నో కుటుంబాలు చితికిపోయిన ఉద్దానంలో నీళ్ల విషయంలో అశ్రద్ధగా ఉండే హక్కు ఏ హాబీకీ లేదు.

బడ్జెట్ తక్కువైతే ప్రింటర్ మానేయండి. పైకు ఫైల్ ఎలాగూ లేదు. సాదా రైతు బొమ్మ తీసుకుని, ఎపాక్సీ పుట్టీతో తలగుడ్డ చుట్టి, సన్నని తీగతో తుపాకీ చేయడం నేర్చుకోండి. నా దళంలో బాగా వచ్చినవి అలా చేసినవే.

1969 దళాలు చేయవా?

నా బొమ్మలు చూసిన కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇది. ఉద్దానం అనగానే వాళ్లకి గుర్తొచ్చే సాయుధ దళం పైకులది కాదు. 1968 నవంబర్ 25న గరుడభద్రలో పంట కోతతో రాజుకున్న గిరిజన, రైతాంగ పోరాటం. బొడ్డపాడులో అమరుల స్మారకం ఉంది. జముకుల కథ చెప్పిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబర్‌లో ఇక్కడి కొండల్లోనే చనిపోయారు. “అన్నా, ఆ దళాలు చేస్తే లైకులే లైకులు” అంటారు.

నేను చేయను. ఆ రాజకీయాల మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. పోయినవాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు. అటు దళం చేతిలో పోయినవాళ్ల ఇళ్లు, ఇటు పోలీసుల చేతిలో పోయినవాళ్ల ఇళ్లు ఒకే రోడ్డు మీద ఉన్నాయి. పాచిక వేసి ‘మీవాడు పోయాడు’ అనడానికి అది ఇంకా చరిత్ర కాలేదు. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీ రైతుల మీద పోలీసు కాల్పులు జరిగి వీర గున్నమ్మ చనిపోయింది. దాన్ని అసలు ఆటగా ఊహించడానికే లేదు. ఒకవైపే తుపాకులున్నప్పుడు అది యుద్ధమెలా అవుతుంది?

ఆలోచిస్తే ఇక్కడొక తేడా కనిపిస్తుంది. 1969 మనిషికి నేను తప్పు చొక్కా వేస్తే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి, “మా పెదనాన్న అలా ఉండేవోడు కాదు, ఫొటో చూడు” అంటారు. 1832 పైకుకి ఏ రంగు వేసినా అడిగేవాళ్లు లేరు. మెజెంటా పట్టీ కట్టినా, ఖాకీ తొడిగినా కిక్కురుమనరు. మనవళ్లు ఉన్నారు, ఇవే ఊళ్లలో జీడితోటల్లో పని చేస్తూ ఉండొచ్చు. తమ ముత్తాతలు పైకులని వాళ్లకే తెలియదు. అడిగేవాళ్లు లేని చోటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నా వాదన.

ఆటే కదా, ఇంత సీరియస్ ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. నలుగురు స్నేహితులు ఆదివారం మధ్యాహ్నం టేబుల్ చుట్టూ ఆడుకుంటే పట్టీ ఏ రంగైతే ఏంటి? టేబుల్ మీదే ఉండిపోతే నిజంగానే ఏమీ కాదు. సమస్య ఫొటోతో వస్తుంది.

మనం ఆడి ఊరుకోం కదా. ఫొటో తీసి ఇన్‌స్టాలో పెడతాం, వాట్సాప్ స్టేటస్ పెడతాం. కిమిడి పైకు అని ఎవరైనా వెతికితే దొరికేవి చాలా తక్కువ. మీ బొమ్మ ఫొటో అక్కడికి చేరితే రేపు ఎవరో యూట్యూబర్ దాన్ని థంబ్‌నెయిల్‌లో పెడతాడు. ఎల్లుండి ఒక స్కూలు ప్రాజెక్టులో అతుక్కుంటుంది. ఆ తర్వాత ఏఐ దాన్నే తిని, ఇంకొకడికి ‘ఇదే కిమిడి పైకు’ అని వడ్డిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం మీకు తోచిన రంగు రెండేళ్లలో ఆధారం అయిపోతుంది. ఎర్రకోటు సిపాయి విషయంలో ఇది జరగదు. అతని నిజమైన బొమ్మలు వందలున్నాయి, మీ తప్పు వాటిలో కొట్టుకుపోతుంది. పైకు దగ్గర మీ ఫొటో ఒక్కటే ఉంటుంది.

అందుకే ఆ మూడు గీతల కార్డుని ఇంట్లో దాచుకోకండి. ఫొటో కింద క్యాప్షన్‌లో రాయండి: ఏది తెలిసింది, ఏది లెక్కగట్టింది, ఏది నా ఇష్టం. నేను ఇంకో పని చేస్తాను. ఫోన్‌లో ఫ్రీ యాప్‌తో ఒక క్యూఆర్ కోడ్ చేసి, దళం పెట్టే ట్రే అడుగున అంటిస్తాను. స్కాన్ చేస్తే ఆ కార్డు తెరుచుకుంటుంది. ఖర్చు ఒక స్టిక్కర్. ఆడటానికి వచ్చిన ప్రతివాళ్లూ స్కాన్ చేయరు. చేసినవాళ్లలో ఒకళ్లిద్దరైనా, “నీలం ఎందుకు వేశావ్? మా వైపు అయితే...” అని మొదలెడతారు. నాకు కావాల్సింది ఆ మాటే. మెలియాపుట్టి నుంచో పాతపట్నం నుంచో ఒక ముసలాయన ఇంట్లో అటక మీద ఉన్న పాత కత్తి గురించి చెప్తే, ఏ ఏఐ టూల్‌కీ తెలియనిది నా బొమ్మకి తెలుస్తుంది.

ఫైనల్‌గా

వార్‌గేమింగ్ మొదలెట్టాలనుకుంటే మంచి ల్యాంప్ కొనండి, రెండు బ్రష్‌లు కొనండి, ఉన్న ఫోన్‌నే వాడండి. ప్రింటర్ రెండో ఏడు చూసుకోవచ్చు. ఎర్రకోటు సిపాయిలను రెడీమేడ్‌గా తెచ్చుకోండి, వాళ్ల మీద చెయ్యి తిరుగుతుంది. ఆ తర్వాత కనుమ దారిలో వాళ్లకి ఎదురు నిలిచినవాళ్లని మీరే చేయండి, ఎందుకంటే ఇంకెవరూ చేయరు. ఏఐ ఇచ్చిన అందమైన పిక్చర్ ముందు పెట్టుకుని మాత్రం చేయొద్దు. పాత పుస్తకం, పచ్చి నూలు రంగు, మీ ఊరి మనుషుల ఛాయ, తెలియని చోట తెలియదని రాసిన కార్డు. నా పైకుల దళంలో ఇప్పటికి 24 మంది ఉన్నారు. 25వ వాడికి తలగుడ్డ చుట్టాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఏమైనా గుర్తుంటే కామెంట్‌లో రాయండి, రంగు కలిపే ముందు చదువుతాను.